తుడిచానంటే నమ్మలేదు

నేను చేసిన పని చెబితే మా ఊళ్ళో ఇప్పటికీ నవ్వుతారు. కొల్లేటి నీళ్ళ మధ్య ఇనపగొట్టాలతో కట్టిన చిన్న మంచె, దాని మీద గిన్నె మూతంత ఎండ మీటరు. రోజూ పొద్దున్నే దోనె మీద వెళ్ళి దాని తెల్లటి బిళ్ళ తుడవాలి. నీటికాకులు దాని మీదే కూర్చుంటాయి మరి. రెట్ట ఎండిపోతే గోకకూడదు, నీళ్ళు పోసి నానబెట్టి మెత్తటి గుడ్డతో తీయాలి. తుడిచాక పుస్తకంలో ఒక గీత పెట్టాలి. సంతకం తప్ప నాకు రాయడం రాదు గానీ, గీతకి చదువెందుకు?

ఈ పని ఇచ్చింది ఏలూరు నుంచి కారులో వచ్చే మేడంగారు. మా తమ్ముడి ఇంజను పడవలోనే మంచె దగ్గరికి వెళ్ళేవారు. మొదటిరోజే అడిగాను, "ఏవండీ, ఎండని కొలిచి ఏం చేస్తారండీ?" అని.

"పైన శాటిలైటు ఉంది కదా పిన్నిగారూ, కొల్లేటి నీళ్ళ మీద ఇవాళ ఇంత ఎండ పడిందని అది చెబుతుంది. అది చెప్పేది నిజమో కాదో ఈ మీటరు చూసి తేల్చుకుంటాం."

మా తమ్ముడు నవ్వాడు. "దానికింత సామానెందుకండీ? మా అక్క నెత్తి మీద చెయ్యెడితే తెలిసిపోద్ది."

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోసే మా ఆయన పోయాక నేను ఈ తమ్ముడింటికే వచ్చి చేరాను. పెరటివైపు గది ఇచ్చాడు. వాడంటే నాకు ప్రాణం. ఎడమ కన్ను మసకబారుతోందని వాడొక్కడికే చెప్పుకున్నాను. మరదలితో కూడా అనొద్దన్నాను, పని పోతుందేమోనని. "నాకేం పనక్కా చెప్పడానికి" అన్నాడు.

వేసవిలో ఒకరోజు మేడంగారు మొహం ముడుచుకుని కారు దిగారు. శాటిలైటు చెప్పినదానికన్నా మన మీటరులో ఎండ బాగా తక్కువ వస్తోందట.

"శాటిలైటే తప్పు చెప్పిందేమోనండీ" అన్నాను.

"మిగతా చోట్ల సరిపోయిందమ్మా. ఇక్కడే తేడా. రోజూ తుడుస్తున్నారా?"

"గీతలు చూడండి."

"గీతలు ఇంట్లో కూర్చుని కూడా పెట్టొచ్చు కదా."

తమ్ముడి వైపు చూశాను. నేను దోనె తీసుకుపోవడం రోజూ చూసేవాడు వాడే.

"అక్క రోజూ వెళ్తాదండి, అబద్ధమాడదు" అన్నాడు మెత్తగా. "కాపోతే ఎడం కన్ను ఆనదండి పాపం. తుడిచేశాననుకుంటాది, రెట్ట ఉండిపోద్దేమో. మా ఇంటావిడకి కళ్ళు బాగుంటాయండి, కావాలంటే ఆవిడ చేస్తాది."

అబద్ధమైతే ఎదురు తిరిగి ఉండేదాన్ని. కన్ను సంగతి నిజమే. పుస్తకం మరదలి చేతికి వెళ్ళింది.

నా నీళ్ళ చెంబు మంచె మీదే ఉండిపోయింది. నాలుగు రోజుల తర్వాత మిట్టమధ్యాహ్నం దాని కోసం వెళ్ళాను. ఎప్పుడూ పొద్దున్నే వెళ్ళేదాన్ని, మేడంగారిని కూడా వాడు పొద్దున్నే తీసుకెళ్ళి తెచ్చేసేవాడు. ఆ వేళప్పుడు వెళ్ళడం నాకదే మొదలు. చూస్తే మీటరుకి పైగా, గొట్టాల కొసల మీద మా తమ్ముడి వలలు ఆరేసి ఉన్నాయి. దగ్గర దగ్గరగా, రెండు మూడు వరసలు. మీటరు వాటి నీడలో ఉంది.

ఇంటికొచ్చి అడిగాను. "నీకు తెలుసా ఈ సంగతి?"

"వలలకి కూడా ఎండ కావాలి కదే అక్కా" అన్నాడు. నా మొహం చూడలేదు.

మేడంగారు మళ్ళీ వచ్చే రోజున గట్టు మీద కాచుకున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ కంప్యూటరు తెరిచి చాలాసేపు చూశారు.

"నిజమే పిన్నిగారూ. పొద్దున పూట శాటిలైటుకి సరిగ్గా సరిపోయింది. పది దాటాకే పడిపోతోంది, రోజూ. రెట్ట వల్లయితే పొద్దున కూడా తక్కువ రావాలి. మీరు బాగానే తుడిచారు."

"ఆ మాట మా తమ్ముడి ముందు అనండి. నాకింకేం వద్దు."

ఆవిడ తల దించుకున్నారు. "వలలు తీయించేస్తానమ్మా. ఆ రోజుల లెక్కలు ఎలాగూ కొట్టేస్తాం. మళ్ళీ గొడవెందుకు చెప్పండి? పడవ ఆయనదే కదా, ఇక్కడ నాకు ఇంకో పడవ దొరకదు."

నేను తుడిచిన రోజులన్నీ కొట్టేస్తారన్నమాట. ఆవిడ వెళ్ళి తమ్ముడి పడవెక్కారు. ఇంజను మోగకముందే గట్టు మీద నుంచి అరిచాను.

"ఒరేయ్, నా కన్ను సంగతి చెప్పావు. నీ వలల సంగతి చెప్పావా?"

మేడంగారు అటు తిరిగి కూర్చున్నారు. వాడు తాడు విప్పుతూ అన్నాడు, "ఇంటికెళ్ళక్కా. ఎండగా ఉంది."

వెళ్ళాను. వాడింటికే. ఇంకెక్కడికి పోతాను? మరదలు అన్నం పెట్టబోతే వద్దన్నాను. పెరట్లో మూడు రాళ్ళు పెట్టుకుని వేరే వండుకున్నాను. ఇప్పటికీ అలాగే వండుకుంటున్నాను.