నీళ్లు ఆగితే ఆగే మోటారు

ఇంజనీరింగ్ అయిపోయిన ఏడాదికి, శింగనమల దగ్గర మా చీనీ (బత్తాయి) తోటకు ఒకే బోరు మిగిలింది. నీళ్లు అందకుండా తిరిగితే మోటారు కాలిపోతుంది. కాలితే, దాన్ని పైకి లాగి, వైండింగు మళ్లీ చుట్టించి దించేలోపు ఆ ఎండలకు చెట్లు నిలవవు. అందుకే ఒక చిన్న బోర్డు చేసి స్టార్టరు పెట్టెలో బిగించాను.

మోటారును నడిపే కాంటాక్టరు స్విచ్చికి కరెంటు ఇచ్చేది ఆ బోర్డులోని పవర్ కంట్రోలర్ చిప్. దానికి ఎనేబుల్ పిన్ను ఒకటి ఉంటుంది. పిన్నుకు వోల్టేజీ అందినంతసేపే చిప్ పనిచేస్తుంది. పైపు మూతిలో పెట్టిన రెండు రాగితీగలు తడిగా ఉంటే పిన్నుకు వోల్టేజీ వెళ్తుంది. ధార తెగినా, తీగ తెగినా, కనెక్షను వదులైనా చిప్ ఆగిపోవాలి. ఏ అనుమానం వచ్చినా ఆగడమే మేలని నా లెక్క. మొదట నీళ్లు పైకి వచ్చేదాకా మాత్రం స్టార్టరు బటన్ నొక్కి పట్టుకోవాలి.

ఒక సాయంత్రం అనంతపురం నుంచి వచ్చేసరికి పైపు దగ్గుతోంది. స్టార్టరు చూస్తే, బటన్ లేవకుండా సందులో అగ్గిపుల్ల దోపి ఉంది. మా వైపు అందరికీ అలవాటే. పుల్ల లాగేశాను. మోటారు ఆగింది.

నాయన పైపు కింద చెయ్యి పట్టి కూర్చుని ఉన్నాడు.

"ఎందుకురా ఆపినావు?"

"నీళ్లు రావడం లేదు నాయనా. మోటారు కాలిపోతుంది."

"వస్తాండాయి. ఆగి ఆగి వస్తాండాయి. నీ చిప్పుకే ఓపిక లేదు."

"దానికి తడి, పొడి తప్ప ఇంకేం తెలీదు."

"కరెంటు ఉండేదే రోంతసేపు. ఆపేదానికా నిన్ను చదివిచ్చింది?"

ఆయన వెనక ఒక చెట్టు పాది తడిసి ఉంది. పక్క పాది పగుళ్లిచ్చి ఉంది.

"సరే, మోటారు ఎంతసేపు గాలి పీల్చినా కాలదో చెప్పు," అన్నాడు.

నాకు తెలియదు. ధార మధ్యమధ్య తెగినా పిన్నుకు వోల్టేజీ కాసేపు నిలిచేలా పెద్ద కెపాసిటర్ వేశాను. ఎంత పెద్దది కావాలో లెక్క లేదు, ఊహించి వేసిందే. నాయన పుల్ల పెట్టడం మానేశాడు గానీ పైపు దగ్గర కూర్చోవడం మానలేదు.

ఆ ఎండాకాలమే ఒక ఉదయం చిప్ మోటారును ఆపేసింది. నాయన బటన్ నొక్కి పట్టాడు. బొటనవేలు తెల్లబడేదాకా పట్టి, వదిలేశాడు. ఎన్ని రోజులు చూసినా బోరులోంచి నీళ్లు రాలేదు, తీగలు తడవలేదు.

మోటారు పైకి లాగించాం. మెకానిక్ వైండింగుకు మీటరు పెట్టి చూశాడు.

"ఏం కాలేదన్నా. కొత్తదాని మాదిరే ఉండాది."

నాయన ఆకులు ముడుచుకున్న చెట్లవైపు చూశాడు.

"ఔనప్పా," అన్నాడు. "అది బాగుండాది."