పాలిష్ బాబాయ్ పెట్టిన మెరుగు

పాలిష్ బాబాయ్‌కి గరుకంటే గిట్టదు. కుళాయిలకు మెరుగు పెడుతూ మొదలైన ఆయన బతుకు, తలుపు గొళ్ళేల మీదుగా నడిచి, చివరికి పంటి స్క్రూలు చేసే వర్క్‌షాపుకు చేరింది. ఇంట్లో గరిటె వెనకవైపు కూడా ఆయనకి తన మొహం కనిపించాల్సిందే.

పన్ను పోయినచోట దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూలవి. వాటి ఒంటికి ఇసుకలాంటి పొడి కొట్టి, ఆసిడ్‌లో ముంచి గరుకు చేస్తారు. చిగుళ్ళకు తగిలే మెడ భాగానికి మాత్రం, అక్కడ పాచి పట్టకుండా, బాబాయ్ నునుపు పెడతాడు. మిగతా ఒళ్ళు గరుకుగా ఉంటేనే ఎముక పెరిగి దాన్ని గట్టిగా పట్టుకుంటుందని సూపర్‌వైజర్ చెప్పాడు. బాబాయ్ తల ఊపాడు. ఆయన తల ఊపితే విన్నాడని అర్థం, ఒప్పుకున్నాడని కాదు.

ఒకరోజు సూపర్‌వైజర్ ఒక స్క్రూ తెచ్చి ముందు పెట్టి, "బాబాయ్, ఇది పిన్ని కోసం. డాక్టరుగారు మన దగ్గరే ఆర్డరిచ్చారు" అన్నాడు.

బాబాయ్ దాన్ని వెలుతురులో తిప్పి చూశాడు. బూడిదరంగులో కళ తప్పి ఉంది. ఇన్నేళ్ళూ ముక్కూమొహం తెలియని వాళ్ళ నోళ్ళలోకి అలాంటివే పంపాడు, ఏనాడూ దిగులు పడలేదు. కట్టుకున్న మనిషికి ఇలాంటిది పెట్టించడానికి మాత్రం మనసొప్పలేదు. మెడ దగ్గర ఆపకుండా స్క్రూ మొత్తాన్నీ చక్రానికి పెట్టి, ప్రతి చుట్టుకీ అద్దంలాంటి మెరుపు తెచ్చాడు. తనిఖీ చేసే ఆవిడ, బాబాయ్ చేతి పనికి వంక పెట్టడం బాగుండదని, సరిగ్గా చూడకుండానే పంపేసింది.

పిన్నికి దాన్ని బిగించిన కొన్ని నెలలకి, బాబాయ్ ఆవిడని మళ్ళీ తీసుకెళితే, పైన పన్ను అమర్చబోతూ డాక్టరు స్క్రూను కాస్త కదిపి చూశాడు. అది హాయిగా తిరిగింది. నొప్పి లేదు, చీము లేదు. ఎముక దాన్ని పట్టించుకోలేదు, అంతే.

"ఎముక బాగానే ఉందమ్మా. పెట్టేటప్పుడు మెరుపు చూసి కొత్తరకమేమో అనుకున్నాను. మీకేమైనా షుగరుందా?" అన్నాడు డాక్టరు.

బయటికి తీసి పళ్ళెంలో వేసిన స్క్రూ ధగధగలాడుతోంది. బాబాయ్‌కి తల కొట్టేసినట్టయింది.

"షుగరు కాదండీ, నేనే" అని జరిగిందంతా చెప్పేశాడు.

పిన్ని నోట్లో దూది ఉండటంతో దారంతా మాట్లాడలేదు. ఇక తన చేతిని ఆవిడ నమ్మదేమోనని బాబాయ్‌కి దిగులు పట్టుకుంది. ఇంటికి చేరాక, "ఈసారి ఇంకోచోట నుంచి తెప్పిద్దాంలే" అన్నాడు.

ఆవిడ దూది తీసేసింది.

"ఇంకోచోట ఎందుకు? మీరే చెయ్యండి. కాకపోతే ఈసారి నా మీద ప్రేమ చూపించకండి. ఊళ్ళో వాళ్ళకి ఎలా చేస్తారో నాకూ అలాగే చెయ్యండి."

అలాగే చేశాడు. మెడ దగ్గర ఆపి, ఆ కళలేని స్క్రూను పెట్టెలో పెడుతుంటే ఆయనకి ఏడుపొచ్చింది. పంపేశాడు. అది ఎముకలో పాతుకుపోయింది. ఇప్పుడు ఆవిడ ఆ వైపే నములుతుంది.