నాట్లవేళ వానలో కెమెరా

మాది బాన్సువాడ. నిరుడు వానాకాలంలో ఫొటోగ్రాఫర్‌గా నాకు మొదటి ఆర్డరొచ్చింది. పెళ్లి కుదిరిన జంటకు వర్ని దగ్గర పొలాల్లో ఫొటోలు తీస్తుంటే ఒక్కసారిగా వాన దంచికొట్టింది. కెమెరా నా స్నేహితురాలిది. దానికి చున్నీ కప్పి గట్టు మీద పరుగెత్తబోయి బురదలో జారిపడ్డాను. కెమెరాను పైకెత్తి పట్టుకునే ఏడ్చేశాను.

పక్క మడిలో నాటు వేస్తున్న ఒక అవ్వ వచ్చి, తను కప్పుకున్న ప్లాస్టిక్ కవరు తీసి కెమెరాకు చుట్టింది.

"నువ్వు తడుస్తవ్ కదా అవ్వా!" అన్నాను.

"నేను తడిస్తే ఆరుత బిడ్డా. గది తడిస్తే ఖరాబైతది. ఇగ ఏడ్వకు, లే" అంది.

వాన వెలిశాక తీసిన ఫొటోలు చూసి ఇంకో రెండు పెళ్లిళ్లకు పిలిచారు. ఆ అవ్వను మాత్రం ఒక్క ఫొటో కూడా తీయలేదని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. ఈ ఏడు నాట్లు మొదలయ్యాయి. రేపే వర్ని వెళ్తున్నాను.