గోడ పక్కకి జరిపిన రాగి బాయిలర్

మా చిన్నప్పుడు... ఒక సాయంత్రం నాన్న సోంపేట నుంచి బస్సు టాపు మీద వేయించుకుని రాగి బాయిలర్ ఒకటి తెచ్చాడు. వీధిలో వాళ్ళంతా చూడటానికి వచ్చారు. నడుమెత్తు డ్రమ్ము... మధ్యలో నిప్పు వేసే గొట్టం... పైన గరాటులో చన్నీళ్ళు పోస్తే, కింద కుళాయిలోంచి పొగలు కక్కుతూ వేణ్ణీళ్ళు!

"ఇందులో ఏటి పడేసినా మండుతాది" అని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పాడు నాన్న. నిజమే... కొబ్బరి డొక్కలు, ఎండు మట్టలు, జీడి కొమ్మలు, పిడకలు, దేన్నీ కాదనేది కాదు.

అసలు అది తెచ్చింది తాత కోసం. చలికాలం వస్తే చాలు, తాతకి కీళ్ళు బిగుసుకుపోయేవి. పొద్దున్నే బాయిలర్ పక్కన నులక మంచం వేస్తే, దుప్పటి కప్పుకుని ఆ వేడికి అలా కూర్చునేవాడు. చెల్లీ నేనూ ఆ దుప్పట్లోనే దూరేవాళ్ళం. డొక్క కాలే వాసన, తాత చుట్ట వాసన కలిసిపోయి... ఎంత వెచ్చగా ఉండేదో!

తర్వాత మా ఊళ్ళోకి డొక్కలు కొనే లారీలు రావడం మొదలైంది. పీచు తీయడానికట. నాన్న డొక్కలన్నీ వాళ్ళకి అమ్మేసి, బాయిలర్‌లోకి పలాస నుంచి జీడిపిక్కల తొక్కలు బస్తాలకొద్దీ తెచ్చాడు. తొక్కలో నూనె ఉంటుంది కదా... భగ్గున అంటుకునేది. నీళ్ళు చిటికెలో కాగేవి. కానీ ఆ పొగ! నల్లగా, ఘాటుగా... కళ్ళూ గొంతూ మండిపోయేవి.

అమ్మ తట్టుకోలేకపోయింది. "ఈ పొగలో నాను వంటెలా సేసేది? పిల్లలు దగ్గుతన్నారు, సూడు" అంది.

నాన్న బాయిలర్‌ని పెరట్లో ఆ చివరికి, గోడ పక్కకి జరిపాడు. తాత మంచం పొగ రాని వైపు వేశాడు. మా ఇంట్లో పొగ పోయింది. అందరం హాయిగా ఉన్నాం.

ఆ పొగ ఎటు పోయిందో ఎవరం ఆలోచించలేదు... గోడ అవతల దమయంతి అత్త వాళ్ళ ఇల్లు.

రక్త సంబంధం లేదు, వరసకి అత్త. నాన్న ఆవిడని అక్క వరసతో "అప్పా" అని పిలిచేవాడు. ఆవిడ భర్త కూర్మారావు మావ. నాన్నా ఆయనా "బావా" అంటే "బావా" అనుకుంటూ కలిసి తోటకి వెళ్ళేవాళ్ళు. అత్తకి ముందు నుంచీ ఆయాసం ఉంది. ఒకరోజు గోడ మీంచి మెల్లిగా అడిగింది.

"తమ్ముడా, ఆ తొక్కల పొగ మా ఇంట్లోకే ఒచ్చెత్తంది. బాయిలరు కాస్త అటు జరపవా?"

"అలగేలే అప్పా, రేపు జరిపెత్తాను."

ఆ రేపు రాలేదు. అత్త మళ్ళీ అడిగింది. మళ్ళీ రేపే. తర్వాత ఆవిడ అడగడం మానేసి, మా వైపు కిటికీకి గోనెపట్టా కట్టుకుంది. అది మాకు రోజూ కనిపిస్తూనే ఉండేది...

ఒక పొద్దున్న మేం వేణ్ణీళ్ళు పట్టుకుంటుంటే గోడ అవతల నుంచి మావ కేక.

"బావా! బేగి రా! మీ అప్పకి ఊపిరాడ్డం లేదు!"

నాన్న గోడ దూకి పరిగెత్తాడు. ఇద్దరూ కలిసి అత్తని ఆటోలో పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

సాయంత్రం నాన్న ఒక్కడే తిరిగొచ్చాడు. ప్రాణానికి భయం లేదనీ, కొన్నాళ్ళు అక్కడే ఉంచాలన్నారనీ చెప్పాడు. కంచం ముందు కూర్చున్నాడు కానీ ముద్ద ఎత్తలేదు. అమ్మతో అన్నాడు...

"డాట్రు అడిగినాడు, ఇంట్లో పొగేటైనా ఉందా అని. నాకు నోరు పెగల్లేదు. బావ నాకేసి సూడనైనా సూడలేదు. 'మా కట్టెల పొయ్యి పొగేనండి' అనేసినాడు."

అమ్మ కంచం మీద మూత పెట్టింది.

"నలుగురిలో నన్ను తిట్టినా బాగుణ్ణు" అన్నాడు నాన్న.

మర్నాడు మిగిలిన తొక్కల బస్తాలు ఎక్కడివక్కడికి తిరిగి పంపించేశాడు. బాయిలర్ కొట్టంలోకి చేరింది. "నాకు సలేటీ నేదురా" అన్నాడు తాత... వణుకుతూనే.

అత్త ఇంటికొచ్చిన రోజు అందరం వెళ్ళాం. నాన్న గుమ్మంలోనే నిలబడిపోయాడు. "అప్పా, నువ్వడిగినప్పుడే జరిపేసుంటే..." అన్నాడు.

అత్త గోడకి ఆనుకుని కూర్చుంది. మధ్య మధ్య ఊపిరి అందుకుంటూ అంది.

"నువ్వు రేపన్నప్పుడల్లా... నిజమే అనుకున్నాను తమ్ముడా."

కోపంగా అనలేదు. అందుకే నాన్న తల ఎత్తలేకపోయాడు. అత్తే మళ్ళీ... "ముసిలాయన సలికి ఏటైపోతాడు? డొక్కలెట్టి కాల్సుకోండి. ఈ గోడ కాడ మాత్రం వొద్దు" అంది.

బాయిలర్ మా వంటింటి గుమ్మం ముందుకి వచ్చింది. డొక్కలు అమ్మడం ఆపేశాడు నాన్న. పొగంతా మాకే... ఎవరం నోరు విప్పలేదు.

అత్త లేచి తిరిగింది కానీ మునుపటి మనిషి కాలేదు. బోరింగు నుంచి బిందెతో వస్తూ దారిలో ఆగిపోయేది. నాన్న కంటపడితే పరిగెత్తి బిందె అందుకునేవాడు. ఆవిడ వద్దనేది కాదు. అలాగని గోడ మీంచి కూర గిన్నె అందించడం, ఉప్పో చింతపండో అడగడం... అవి మళ్ళీ ఎప్పుడూ జరగలేదు.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. నాన్న ఒక్కడి తప్పే అన్నట్టు చెప్పాను గానీ... ఆ వేణ్ణీళ్ళు అందరం పోసుకున్నాం. ఆ గోనెపట్టా అందరం చూశాం.

ఇప్పుడు మా వీధిలో అందరికీ గీజర్లే. స్విచ్ వేస్తే చాలు... పొగ లేదు, మసి లేదు. గోడలు కూడా ఎత్తుగా కట్టుకున్నాం. అవతలి మనిషి ఏదైనా అడగాలన్నా మేం కనపడం...

మీ ఇళ్ళల్లో చలికాలం నీళ్ళు దేనితో కాగేవి? ఆ పొగ ఎవరింటి వైపు పోయేదో... మీలో ఎవరికైనా గుర్తుందా?