విశ్వకర్మ పూజ నాడు పుట్టిన పిల్ల

ఈ మధ్యాహ్నం కింది వాటాలో ఉండే అమ్మాయి ఫోను పట్టుకుని పైకి వచ్చింది. వచ్చే వారం వాళ్ళ బాబుకి అయిదో పుట్టినరోజట. బెలూన్ల తోరణం, పైన కారు బొమ్మ ఉన్న కేకు, వచ్చిన పిల్లలకి తిరిగి ఇచ్చే గిఫ్టులు, అన్నీ అందులో ఒక్కొక్కటే చూపించి, "తక్కువలో అయిపోవాలాంటీ, కానీ తక్కువలో సేసినట్టు ఎవులికీ తెలకూడదు. మీ పాపకి ఎలా సేసేవోరు?" అని అడిగింది. నేను చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. చెయ్యి ఆగిపోయింది. ఈ జంషెడ్‌పూర్ వచ్చి ముప్పై ఏళ్ళు కావస్తోంది, నన్ను ఒక విద్యలో ఆరితేరినదాన్నని ఎంచి సలహా అడిగిన మొదటి మనిషి ఈ అమ్మాయే. కుక్కరులో ఇసక పోసి రవ్వ కేకు చేసే పద్ధతి చెప్పి పంపించేశాను. ఆ పద్ధతిలో నాకు కేకు ఒక్కసారి కూడా పొంగలేదన్న సంగతి చెప్పలేదు. అసలు సంగతి అంతకన్నా చెప్పలేదు.

మా పాప విశ్వకర్మ పూజ నాడు పుట్టింది. మన పండగలన్నీ ఏటేటా ముందుకీ వెనక్కీ జరుగుతుంటాయి గానీ, ఈ పూజ మాత్రం దాదాపు ప్రతి సెప్టెంబరులోనూ అదే తేదీకి వచ్చి కూర్చుంటుంది. ఏడాదంతా గేటు దగ్గరికి కూడా రానివ్వని కార్ఖానాల్లోకి ఆ ఒక్కరోజు ఆడవాళ్ళనీ పిల్లలనీ పిలిచి మరీ లోపలికి తీసుకెళ్తారు. ఊరి పక్కన గమ్హరియాలో నాలుగు రేకులు వేసుకున్న వర్క్‌షాపు కూడా సీరియల్ బల్బులు కట్టుకుంటుంది. మిషన్లకి నూనె మరకలు తుడిచి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేస్తారు. ఆ రోజు ఎవరూ పనిముట్టు ముట్టుకోరు. మా ఆయన అలాంటి ఒక వర్క్‌షాపులో లేత్ మిషను మీద పనిచేసేవాడు. పాపకి మూడేళ్ళు నిండిన రోజున చంకనేసుకుని తీసుకెళ్తే, ఆ దీపాలు చూసి కళ్ళింత చేసుకుని, ఇదంతా ఎవరిదని అడిగింది. "నీదేనే. నీ బర్త్‌డే గదా!" అన్నాడాయన. మాటవరసకి అన్న మాటే. అయితే ఆ వర్క్‌షాపు యజమాని, ఒక ముసలి బిహారీ పెద్దమనిషి, అది విని నవ్వి బూందీ మొదటి దొన్నె దాని చేతిలో పెట్టి చప్పట్లు కొట్టాడు. పనివాళ్ళందరూ కొట్టారు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, మాది తేదీతో సహా అతికిపోయింది. ఆ తరవాత మూడేళ్ళూ అదే పద్ధతి. కేకు లేదు, వంట లేదు, ఎవరినీ పిలిచే పని లేదు. ఊరంత సంబరం. దానికి మేం పైసా తియ్యవలసిన అవసరం లేదు. మాకంటే తెలివైన తల్లిదండ్రులు జంషెడ్‌పూర్‌లో లేరనుకున్నాం.

ఏడో పుట్టినరోజు వచ్చే ఏడాది, వానలు ముదిరేవేళకి ఆర్డర్లు ఆగిపోయాయి. ఒక సోమవారం పొద్దున్న వెళ్ళేసరికి గేటుకి గొలుసు, గొలుసుకి తాళం. యజమాని ఊరెళ్ళిపోయాడన్నారు. మా ఆయన రోజూ టిఫిను డబ్బా తీసుకునే వెళ్ళేవాడు, ఎక్కడైనా ఒక పూట పని దొరుకుతుందేమోనని. చాలా రోజులు ఆ డబ్బా అలాగే తిరిగొచ్చేది. బాగ్‌బేరాలో మేం అద్దెకుండే ఒంటిగదిలో పుట్టినరోజన్న మాట ఎవరికి గుర్తుంటుంది? గుర్తు చేసింది ఒక ఫోను. ఎవరో ఆవిడ, బళ్ళో మా పాప పక్కన కూర్చునే పిల్ల తల్లి, చాలా మర్యాదగా హిందీలో అడిగింది, ఫ్యాక్టరీ పార్టీకి మా అమ్మాయిని ఎక్కడ దింపమంటారని. కూపీ లాగితే తేలింది. మా పిల్ల తన వరసలో అయిదుగురిని పిలిచేసింది. నా బర్త్‌డేకి ఫ్యాక్టరీ అంతా లైట్లు పెడతారు, మిషన్లకి కూడా పూలు వేస్తారు, రండి అని.

ఇంట్లోనే చేసేద్దామని మొదట అనుకున్నాను. కుక్కరు కేకు మూడుసార్లు ప్రయత్నిస్తే మూడుసార్లూ పిడకలా వచ్చింది. మా అత్త మంచం మీంచి లేవకుండానే తేల్చేసింది. "తలంటి, బొట్టెట్టి, పాయసం పోత్తే అయిపోద్ది. ఏటీ పార్టీలు? మీ ఆయనకెవులు సేసారేటి?" అంది. పాప మాత్రం నా మొహంలోకి చూసి, "ఘర్ మే క్యోఁ, మమ్మీ? ఫ్యాక్టరీ మే హోగా నా?" అంది. ఇంట్లో దేనికి, ఫ్యాక్టరీలోనే కదా అని. నిజం చెప్పేద్దామని దాన్ని మూడుసార్లు ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. మూడుసార్లూ జడ వేసి లేపేశాను. ఏమని చెప్పాలి? మీ నాన్నకి పని లేదనా, లేక ఆ దీపాలు ఎప్పుడూ నీవి కావనా? మొదటిది చెప్తే రెండోది దానంతటదే బయటపడుతుంది. కలిగినవాళ్ళు పిల్లకి కేకు లేదని చెప్పగలరు. మేం ఊరంత దీపాలు ఇచ్చి, వాటిని వెనక్కి తీసుకోవాలి.

పూజ ఇంకా రెండు రోజులుందనగా నాకో ఆలోచన వచ్చింది. మూతపడ్డ వర్క్‌షాపు పక్కనే ఇంకొకటుంది. వాళ్ళూ పూజ చేస్తారు. పూజ దగ్గర ఎవరినీ పొమ్మనరు, ప్రసాదం అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పెడతారు. మా ఆయనతో చెప్తే అప్పటిదాకా తలొంచుకున్న మనిషి లేచి నిలబడ్డాడు.

"ఆల గుమ్మంలోకి నేనెల్లనే. మొన్న పనడిగితే లేదన్నారు."

"నువ్వు రావొద్దు. బయట నిలబడు. పిల్ల పరువు నాను సూసుకుంతాను," అన్నాను. అన్నానే గానీ, ఆయన పరువు సంగతి ఆ వేళ నాకు తట్టలేదు. ఎదురింటి ఒడియా అన్నయ్య తన ఆటో ఇస్తానన్నాడు. పాత పెళ్ళి శుభలేఖలు కత్తిరించి ఆరు టోపీలు చేశాను. లోపలివైపు ఎవరెవరి ముహూర్తాలో ఉన్నాయి, పైకి మాత్రం బంగారు రంగు.

ఆరుగురు పిల్లలూ నేనూ వెనక, మా ఆయన ఆటో నడిపే అన్నయ్య పక్కన ఇరుక్కుని గమ్హరియా చేరాం. ఆటో ఆగగానే పాప, "ఇక్కడ కాదు మమ్మీ, ఆగే హై," అని, ఇంకా ముందుకన్నట్టు చెయ్యి చాచి, ఆ వైపు చూసి దించేసింది. మా గేటు దగ్గర ఒక్క బల్బు లేదు. గొలుసు కింద గడ్డి మొలిచింది. "ఈసారి ఇక్కడమ్మా," అన్నాను. అది ఇంకేమీ అడగలేదు. అడిగుంటే బాగుండేది. లోపల మైకు, అగరొత్తుల పొగ, పట్టుచీరల్లో ఎవరెవరి భార్యలో. పాప అలవాటుగా నేరుగా వెళ్ళి విశ్వకర్మ బొమ్మ ముందు టోపీ సర్దుకుని నిలబడింది. మొదటి దొన్నె కోసం అన్నమాట. ఎవరూ పిలవలేదు. ఒకావిడ దాని భుజం పట్టుకుని, విసుక్కోకుండానే, "లైన్ మే ఆవో, బేటీ," అని వెనక్కి పంపింది. అది తల ఎత్తి ఆ చివర నుంచి ఈ చివర దాకా దీపాలు చూసింది. నేను దాని మొహం చూశాను. ఆ క్షణాన నేల విచ్చుకుని నన్ను మింగేస్తే సంతోషించేదాన్ని. వెళ్ళి వరసలో అందరికన్నా వెనక నిలబడింది.

మిగతా పిల్లలకి ఇవేం పట్టలేదు. బూందీ తిన్నారు, పాటకి గెంతారు, మిషన్లకి పూలు నిజంగానే ఉన్నాయని మురిసిపోయారు. బయటికి వచ్చేసరికి మా ఆయన సైకిళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు. రెండు జడల పిల్ల ఒకతె పరిగెత్తి వెళ్ళి, "అంకుల్, మీ మిషను ఏది, చూపించండి," అని హిందీలో చెయ్యి పట్టుకు లాగింది. ఆయన నా వైపు చూశాడు. నాలుగేళ్ళు నోటికొచ్చినట్టు చెప్పినవాళ్ళం, ఆ ఒక్క నిమిషానికి మా ఇద్దరి దగ్గరా ఒక్క మాట మిగల్లేదు.

పాప మధ్యలోకి వచ్చి, ఆ పిల్ల చెయ్యి విడిపించి, నాన్న చెయ్యి తను పట్టుకుంది. "పప్పా కీ మషీన్ అందర్ హై. ఆజ్ ఉస్‌కీ పూజా హై, ఛూనా మనా హై," అంది. మిషను లోపలుందనీ, ఇవాళ దానికి పూజ గనక ముట్టుకోకూడదనీ. పిల్లలు నమ్మారు, నమ్మి ఆటో ఎక్కారు. మా ఆయన దారంతా రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ సంగతి ఆ తరవాత మా ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు, పాప కూడా ఎత్తలేదు. దాని కోసం మేం నాలుగేళ్ళు అబద్ధం ఆడాం, ఆ రోజు మా కోసం అది ఆడింది. మనుషులకి ఏడాదికి ఒక్కో ఏడే నిండుతుందని అందరూ అంటారు. ఆ పొద్దున్న ఆటో ఎక్కినప్పుడు మా పాపకి ఏడేళ్ళు. తిరిగొచ్చి దిగినప్పుడు ఎన్నేళ్ళో నేను ఈరోజుకీ చెప్పలేను.