శాలువా, తాళంచెవి

ఆ హెడ్మాస్టరు మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. తగ్గిందని రాస్తే మర్యాదగా ఉంటుందని తెలుసు. కాని తగ్గలేదు.

కాకినాడలో సివిల్ ఇంజనీరింగు డిప్లొమా, ఎల్.సి.ఇ. పాసై, రాజోలు తాలూకాలో జిల్లా పరిషత్ పనులకు వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరాను. ఇటుక సరిగ్గా కాలిందా, ఇసకలో మన్ను కలిసిందా, సిమెంటు పాలు తగ్గించారా అని మేస్త్రీల పక్కన నిలబడి చూసే ఉద్యోగం. మొదటి పని నేను చదువుకున్న హైస్కూల్లోనే పడింది. ఆడపిల్లలకు మరుగుదొడ్లు.

చిన్న పనే కాని మా నేలలో తేలిక కాదు. నాలుగు పారపోట్లు వేస్తే నీళ్లు ఊరతాయి. సెప్టిక్ ట్యాంకు గొయ్యిలో ఒక పక్క ఇంజను పెట్టి నీళ్లు తోడుతూ, ఇంకో పక్క కాంక్రీటు పోయించాలి. వరదల్లో లోపలి నీరు వెనక్కి తన్నకుండా అరుగు ఎత్తు చేయించాను. వరసగా గదులు, గదిగదికీ తలుపు, వెలుతురు వచ్చేలా పైన జాలీ, మూల నీళ్లతొట్టి, తొట్టికి కుళాయి, అన్నిటికీ కలిపి ముందొక పెద్ద తలుపు, దానికి లోపల గడియ. ప్లానులో ఉన్నవన్నీ పెట్టించాను. ప్లానులో లేనిది ఒక్కటి పెట్టించాను. అది పెద్ద తలుపుకు బయట గొళ్లెం. హెడ్మాస్టరు అడిగారు.

"ప్రారంభోత్సవం దాకా తాళం వేసుకోవద్దండీ మరి?" అన్నారు.

మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించాలని ఆయన కోరిక. చలవరాతి పలక మీద ఊరి పేరు, బడి పేరు, తన పేరు చెక్కించి, మంత్రిగారి పేరుకూ తేదీకీ చోటు వదిలి, తన గదిలో గోడకు ఆనించి పెట్టుకున్నారు. ఎండాకాలం పోయింది. బళ్లు తెరిచారు. వానలు పడ్డాయి. మంత్రిగారి డేటు రాలేదు. తాళం అలాగే ఉంది.

నాకు రెండో పని కూడా అక్కడే ఇచ్చారు, బడి వెనక ప్రహరీ గోడ. అంతకుముందు ఆ వెనక కాలవగట్టు మీద మొగలిపొదలు ఉండేవి. ఆడపిల్లలు వెళ్లేది వాటి చాటుకే. నా గోడ లేస్తున్నకొద్దీ ఆ దారి మూసుకుపోయింది. ఒక పక్క కట్టిన దొడ్డికి తాళం, ఇంకో పక్క పొదలకు అడ్డంగా గోడ. పెద్ద తరగతుల పిల్లలు పొద్దున్న ఇంటి దగ్గర తాగిన నీళ్లతోనే సాయంత్రం దాకా గడిపేవారు.

ఈ సంగతి పట్టించుకున్నది ఒక్క లెక్కల టీచరుగారే. నాకూ ఆవిడే లెక్కలు చెప్పారు. మాది, ఆవిడదీ ఒకే పేట. మా పేట నుంచి హైస్కూలు టీచరైన మొదటి ఆడమనిషి ఆవిడ. ఆదివారం చర్చిలో సండే స్కూలు చెప్పేటప్పుడు ఉన్న గొంతే సోమవారం బడిలోనూ ఉండేది. ఎక్కువా కాదు, తక్కువా కాదు.

ఒకరోజు గోడ కొలతల గురించి మాట్లాడడానికి నేను హెడ్మాస్టరు గదిలో ఉండగా ఆవిడ వచ్చారు.

"సారండీ, తాళంచెవి ఇప్పిస్తారా?"

"ఏం టీచరుగారూ, మళ్లీనా?"

"రోజూ అవసరమే కదండీ. అందుకే రోజూ అడుగుతున్నాను."

"మంత్రిగారు రావాలండీ. వాడేసిన దొడ్డికి ఎవరైనా రిబ్బను కత్తిరిస్తారా?"

అక్కడే కూర్చున్న డ్రిల్లు మాస్టారు పెద్దగా నవ్వాడు. ఆవిడ అతని వైపు చూడలేదు.

"పదో తరగతి పిల్ల, పొద్దున్న ప్రేయరులో వార్తలు చదివే పిల్ల. దసరా సెలవులు ఇచ్చాక ఇంక పంపనని వాళ్ల నాన్న వచ్చి చెప్పేడండీ. పొదల చాటుకి పంపడానికా బడికి పంపేది అన్నాడు. ఇప్పుడు ఆ పొదలు కూడా లేవు."

"వాళ్ల నాన్న పడవ మనిషండీ. ఏదో సాకు. మాన్పించేవాడు ఎలాగూ మాన్పిస్తాడు."

"ఆ సాకు మనం తీసేద్దామండీ. అప్పుడు మాన్పిస్తే చూద్దాం."

ఆయన నా వైపు తిరిగి గోడ గురించి మాట్లాడడం మొదలుపెట్టారు. ఆవిడ క్లాసుకు వెళ్లిపోయారు.

తర్వాత నాలుగు రోజులకే నోటీసు బోర్డులో కాగితం పడింది. ఉపాధ్యాయ దినోత్సవం నాడు పాఠశాల ఉత్తమ ఉపాధ్యాయురాలిగా లెక్కల టీచరుగారికి ఘనసన్మానం. పంచాయతీ సమితి ప్రెసిడెంటుగారి చేతుల మీదుగా శాలువా, సన్మానపత్రం. ఆ బడిలో అంతకుముందు ఏ టీచరుకూ సన్మానం జరగలేదు. హెడ్మాస్టరుకు మాత్రం ప్రతి ఏడూ ఏదో వంకన జరుగుతుండేది.

"శాలువా గట్టిగా కప్పేస్తే చెయ్యి బయటికి రాదండీ, తాళంచెవి అడగడానికి" అన్నాడు డ్రిల్లు మాస్టారు స్టాఫ్ రూములో. అందరూ నవ్వారు. టీచరుగారు దిద్దుతున్న పేపర్ల మీంచి తల ఎత్తకుండానే, "చెయ్యి రాకపోయినా నోరుంటుంది కదండీ" అన్నారు.

మా ఊళ్లో పుస్తకాల కొట్టు నడిపే అతనే పేపరు ఏజెంటు, అతనే విలేకరి. వార్తల కవరు మధ్యాహ్నం బస్సు కండక్టరు చేతికి ఇస్తేనే మర్నాడు పేపర్లో పడుతుంది. మా వైపు సభలన్నీ సాయంత్రం జరుగుతాయి. అందుకని అతను సాయంత్రం జరగబోయేదాన్ని పొద్దున్నే జరిగిపోయినట్టు రాసి పంపేవాడు. ఇందులో దాపరికం ఏమీ లేదు. ఊళ్లో అందరికీ తెలుసు. సన్మానం నాడు నేను పెన్సిళ్లు కొనడానికి వెళ్తే, కవరు అంటిస్తున్నాడు.

"ప్రెసిడెంటుగారు రాకపోతేనండీ?" అన్నాను.

"వస్తారండీ. రాకపోయినా వచ్చినట్టే. ఏ మీటింగులో చూసినా అదే శాలువా, అవే మాటలు. మీరు ఇంజనీర్లు గోడ కట్టకముందే గోడ గీస్తారా లేదా? ఇదీ అంతే."

"మా గోడ పడిపోతే మమ్మల్ని అడుగుతారండీ."

"మమ్మల్ని ఎవరూ అడగరు. అదే తేడా" అని నవ్వాడు. బడి గురించిన నాలుగు ముక్కలు హెడ్మాస్టరుగారే స్వయంగా చెప్పి రాయించారని కూడా అన్నాడు.

సాయంత్రం సభ అచ్చం అతను చెప్పిన వరసలోనే సాగింది. ప్రార్థన, స్వాగతం, ప్రెసిడెంటుగారికి దండ, హెడ్మాస్టరుకు దండ, హెడ్మాస్టరు గురించి ప్రెసిడెంటుగారి మాటలు, ప్రెసిడెంటుగారి గురించి హెడ్మాస్టరు మాటలు. టీచరుగారు చివరి కుర్చీలో కూర్చున్నారు. తెలుగు పండితుడు సన్మానపత్రం చదివాడు. అందులో ఆవిణ్ణి సరస్వతీదేవితోనూ భూదేవితోనూ పోల్చాడు. చర్చి నుంచి వచ్చిన ఆవిడ చెల్లెళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆవిడ పాఠాలు ఎలా చెబుతారో అందులో ఒక్క ముక్క లేదు.

ప్రెసిడెంటుగారు శాలువా విప్పి పట్టుకుని లేచారు. టీచరుగారూ లేచారు. ఆయన దగ్గరికి వచ్చేసరికి ఒక అడుగు వెనక్కి వేసి చేతులు జోడించారు.

"క్షమించండి. శాలువా వద్దండీ. ఆడపిల్లల దొడ్డి తాళంచెవి ఇప్పించండి. నాకు అదే సన్మానమండీ."

మైకు ఆవిడ ముందే ఉంది. ప్రతి ముక్కా కాలవ అవతలికి కూడా వినబడి ఉంటుంది. హెడ్మాస్టరు గబగబా వచ్చి మైకు మీద చెయ్యి వేశారు. చెయ్యి అడ్డం పెడితే మైకు ఆగదని ఆయనకు తెలియదు.

"చదువులు చెప్పించేం, ఉద్యోగాలిచ్చేం, ఇప్పుడు శాలువాలు కూడా కప్పుతున్నాం. ఇంకేం కావాలండీ మీకు?"

ఆ మీకు అన్నది ఆవిడ ఒక్కరినీ కాదు. మా పేట మొత్తాన్ని. వెనక వరసలో నిలబడ్డ నాకు చెంప మీద కొట్టినట్టే అయింది. మా వాళ్లు చదివిన చదువు ఆయన జేబులోంచి తీసి ఇచ్చినట్టు మాట్లాడాడు.

"తాళంచెవండీ" అన్నారు టీచరుగారు.

శాలువా పట్టుకుని ప్రెసిడెంటుగారు ఎటూ తోచక నిలబడ్డారు. హెడ్మాస్టరు దాన్ని ఆయన చేతుల్లోంచి తీసుకుని, ఆయనకే కప్పి, చప్పట్లు కొట్టమని పిల్లలకు సైగ చేశారు. వెంటనే జనగణమన పాడించారు. టీచరుగారు పాట అయ్యేదాకా నిటారుగా నిలబడి, సన్మానపత్రం కుర్చీలోనే వదిలి ఇంటికి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్న నేను గోడ పనికి వచ్చేసరికి ప్రేయరు జరుగుతోంది. వార్తలు చదివే పదో తరగతి పిల్ల అరుగెక్కింది. హెడ్మాస్టరు పేపరు మడిచి, ఎర్ర పెన్సిలుతో గీత గీసి ఆ పిల్లకు ఇచ్చారు. ముందురోజు జరిగింది చూసినవాళ్లు బడిలో ఉన్నవాళ్లే. పేపర్లో పడింది తాలూకా అంతా చదువుతుంది. ఏది నిలుస్తుందో ఆయన లెక్క ఆయనకుంది.

పిల్ల చదివింది. ప్రెసిడెంటుగారు శాలువా కప్పి సత్కరించారని, టీచరుగారు ఆనందబాష్పాలతో కృతజ్ఞతలు తెలిపారని. వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. డ్రిల్లు మాస్టారు బెత్తం ఊపాడు. పిల్ల తర్వాతి వాక్యం దగ్గర ఆగింది. మళ్లీ ఎత్తుకుని, గట్టిగా చదివింది.

"ప్రధానోపాధ్యాయుల అవిరళ కృషితో నిర్మితమైన మరుగుదొడ్లను బాలికలు చక్కగా వినియోగించుకుంటున్నారని, ఇది తాలూకాకే ఆదర్శమని వక్తలు కొనియాడారు."

అది హెడ్మాస్టరు స్వయంగా చెప్పి రాయించిన ముక్క. మర్నాడు దాన్ని ఆ బాలికల ముందే చదివిస్తానని రాయించేటప్పుడు ఆయనకు తోచలేదు. ఎర్రగీత గీసేటప్పుడు శాలువా దాకానే చూసుకున్నట్టున్నారు.

ఆడపిల్లల వరసలన్నీ ఒక్కసారి తాళం వేసిన తలుపు వైపు తిరిగాయి. టీచరుగారు ఉపాధ్యాయుల వరసలోంచి ముందుకు వచ్చారు.

"సారండీ, పేపర్లో వచ్చేసింది. తాళంచెవి ఇప్పించండి."

"అది... విలేకరి ఏదో రాసేసేడండీ."

"అయితే వార్త తప్పేనంటారా? శాలువా సంగతి కూడానా?"

ఆయన పిల్ల చేతిలోంచి పేపరు తీసుకుని మడిచారు.

"డీఈఓగారు కూడా ఇదే పేపరు చూస్తారు కదండీ. తప్పయితే తప్పని మీరే రాయండి. నిజమైతే తలుపు తీయించండి. ఏదైనా నాకు సమ్మతమేనండీ."

బడి అంతా ఆయన మొహం వంకే చూస్తోంది. దొడ్డి వార్త అబద్ధమంటే సన్మానం వార్తా అబద్ధమే. అందులో ఒకటి ఉంచుకుని ఒకటి తీసెయ్యడానికి లేదు. చివరికి అటెండరు వైపు చూసి గడ్డం ఊపారు. అటెండరు లోపలికి పరిగెత్తాడు. ఉప్పుగాలికి తాళం బిగుసుకుపోయింది. గోడ పని దగ్గరున్న నీళ్ల ఇంజను నుంచి నేను నూనె డబ్బా తెచ్చి పోశాను. తలుపు తీస్తే లోపల రిబ్బను చుట్ట, కత్తెర పెట్టడానికి కొత్త స్టీలు పళ్లెం ఉన్నాయి. టీచరుగారు వాటిని తీసి హెడ్మాస్టరు చేతిలో పెట్టి, "మీవండీ" అన్నారు.

ఆ మధ్యాహ్నమే మేస్త్రీ చేత బయట గొళ్లెం ఊడబీకించాను. కొయ్యకు పడ్డ చిల్లుల్లో లప్పం పెట్టించి, పైన రంగు వేయించాను.

దసరా సెలవుల తర్వాత ఆ పిల్ల బడికి వచ్చింది. పదో తరగతి అక్కడే పాసైంది. టీచరుగారికి మాత్రం వేసవిలో బదిలీ అయింది. నది దాటి వెళ్లే లంక ఊరు, రోజూ పడవ. ఎవరు చేయించారో అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు. మళ్లీ ఉపాధ్యాయ దినోత్సవానికి హెడ్మాస్టరుకు జిల్లాలో ఉత్తమ ప్రధానోపాధ్యాయుడిగా సత్కారం జరిగింది. పొగడ్తల్లో మరుగుదొడ్లూ ఉన్నాయి. ఆ వార్త కూడా మధ్యాహ్నం బస్సులోనే వెళ్లింది.

ఆ తర్వాత ఒకరోజు ఆయన నాకు కబురు పంపారు. వెళ్లేసరికి పెద్ద తలుపు ముందు నిలబడి ఉన్నారు. చలవరాతి పలక అరుగు మీద ఉంది.

"మంత్రిగారి డేటు వచ్చిందండీ. అప్పటిదాకా శుభ్రంగా తాళం వేసి ఉంచాలి. బయట గొళ్లెం ఏది?"

"ప్లానులో లేదండీ."

"అప్పుడు మీరే పెట్టించేరుగా?"

"ఆయ్, మీరడిగితే పెట్టించేనండీ. పిల్లలు వాడుకుంటున్నారని పేపర్లో వేయించేరు. వాడుకునే తలుపుకి బయట గొళ్లెం ఎందుకని తీసేసేను."

"మీరు కూడా ఆ టీచరు దగ్గరే చదివేరనుకుంటా."

"లెక్కలండీ."

ఆయన చేత్తో తలుపు తోశారు. తెరుచుకోలేదు. ఇంకోసారి గట్టిగా తోశారు.

లోపలి నుంచి ఎవరో పిల్ల, "మనిషున్నారండీ" అంది.