గలిజేరు కషాయం ముందు నేను అడిగిన ప్రశ్న

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, నేను పుంగనూరు హైస్కూల్లో సైన్సు చెప్పే సుగుణను. పోయిన ఏడాది ఇదే రోజుల్లో ఈ మదనపల్లె సంఘంలో మళ్లీ మీ ముందు నిలబడతానని నేను అనుకోలేదు, ఎందుకంటే అప్పుడు నా అండాశయంలో క్యాన్సర్ గడ్డ ఉంది, ఆపరేషన్‌కు ముందు అది చిన్నదవ్వాలని కుప్పం ఆస్పత్రిలో కీమో ఎక్కిస్తున్నారు, జుట్టంతా రాలిపోయింది, మంచినీళ్లు తాగినా ఇనుము రుచే. అవన్నీ ఓర్చుకున్నాను గానీ, ఒకరోజు రక్తపరీక్ష చూసి డాక్టరుగారు, మందు గడ్డ మీద బాగానే పనిచేస్తోంది, కానీ కిడ్నీలను దెబ్బతీస్తోంది, అవి కోలుకునేదాకా తర్వాతి డోసు ఇవ్వలేము అన్నారు. బతికించాల్సిన మందే నన్ను పాడుచేస్తుంటే ఇంక దేన్ని నమ్మాలి!

మా అత్తది తంబళ్లపల్లె దగ్గర పల్లె. ఆమెకు మన ప్రార్థనలు తెలియవు గానీ నేనంటే ప్రాణం. సంగతి వినగానే చేని గట్టు మీద గలిజేరు ఆకు కోసి, కషాయం కాచి తెచ్చింది.

"తాగు సుగుణా, కిడ్నీలకి శానా మంచిదంట. మా ఊర్లో ఒకాయప్పకి కాళ్ల వాపు దీంతోనే తగ్గిపోయిండాది."

వేడి గ్లాసు చేతిలో ఉంది, ఆశ కూడా ఉంది, దానితోపాటు ఒక కుతూహలం! ఈ ఆకులో ఏముంది? అది నా ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుంది? గ్లాసు కింద పెట్టి కళ్లు మూసుకున్నాను.

"ప్రభువా, ఈ ఆకును చేసింది నీవే, నా కిడ్నీలను చేసింది నీవే. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో నాకు తెలియదు. తెలిసినవాళ్ల దగ్గరికి నన్ను నడిపించు తండ్రీ."

మర్నాడే ఆ ఆకు కొంచెం తీసుకుని, అత్తను వెంటబెట్టుకుని కుప్పం బస్సెక్కాను. ఆకు చూస్తే డాక్టరుగారు కసురుకుంటారని భయపడ్డాను, ఆయన మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి ఆసక్తిగా చూశారు!

"మంచి ప్రశ్నే తెచ్చారు టీచరమ్మా. కొన్ని మొక్కల్లోని పదార్థాలు ఈ మందు దెబ్బ నుంచి ఎలుకల కిడ్నీలను కాపాడుతున్నట్టు పరిశోధనల్లో కనిపించింది, పసుపులోని పదార్థం కూడా వాటిలో ఒకటి. మనుషుల్లో మాత్రం ఇంకా తేలలేదు. పైగా ఈ ఆకులో కిడ్నీల్లో రాళ్లు కట్టించే ఆక్సలేట్ ఎక్కువ, దెబ్బతిన్న కిడ్నీకి అది ఇంకా బరువు. ఇంకో అనుమానమూ ఉంది. మందు నుంచి కిడ్నీని కాపాడేది, గడ్డను కూడా కాపాడితే?"

అత్త ముందుకు వంగింది.

"అంటే సారూ, ఇది గడ్డకి కూడా అన్నం పెడతాదా?"

"పెట్టొచ్చు, పెట్టకపోవచ్చమ్మా. అదే ఇంకా వెతుకుతున్నారు."

"తెలీకుండా నా కోడలికి యాల పోయాల? వద్దులే సారూ."

ఇంటికి రాగానే ఆ కషాయమంతా ఆమే పారబోసింది. డాక్టరుగారు సెలైన్ ఎక్కించారు, కొన్నాళ్లు ఆగి కిడ్నీలకు తక్కువ హాని చేసే మరో మందుకు మార్చారు, సంఘమంతా మోకరించి ప్రార్థించారు, మెల్లమెల్లగా రక్తపరీక్షలు సర్దుకున్నాయి, గడ్డ చిన్నదయింది, ఆపరేషన్ అయింది, పోయిన నెల స్కానింగులో ఏమీ కనిపించలేదు! దేవునికే మహిమ! నా కోసం వైద్యుడికి వివేకమిచ్చింది ఆయనే, గ్లాసు ముందు నన్ను ఒక్క నిమిషం ఆపిందీ ఆయనే. మొక్కల్లో ఆయన ఏం ఉంచాడో పరిశోధించేవాళ్ల కోసం ఇప్పుడు రోజూ ప్రార్థిస్తున్నాను, ఆ జవాబు తెలుసుకోవాలని నాకెంత ఆశో!

ప్రియులారా, అడిగితే విశ్వాసం తగ్గిపోదు, మన దేవుడు ప్రశ్నలకు విసుక్కునేవాడు కాడు, ఆయన్ని నమ్మండి. మీ ఇంట్లో ఎవరైనా కీమో నడుస్తుండగా డాక్టరుకు చెప్పకుండా ఏదైనా తాగుతుంటే ఈ రోజే చెప్పండి. ఒంటరిగా వెళ్లి అడగడానికి భయమైతే, ఆరాధన అయ్యాక నా దగ్గరికి రండి, ఆస్పత్రి బెంచీ మీద మీ పక్కన నేను కూర్చుంటాను.